బ్రేక్ ఆయిల్: ఏది పోయాలి, ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

షెడ్డులో అందరూ దీన్ని బ్రేక్ ఆయిల్ అనే అంటారు, ఇక్కడా ఆ మాటే వాడతాను. కానీ ఆ సీసాలో నూనె చుక్క కూడా ఉండదు. మన కార్లలో పోసేది గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవం. నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది, నూనెతో కలవదు. పేరు చివర తగిలించిన ఈ "ఆయిల్" వల్ల పాడైన బ్రేకులు తక్కువేమీ కావు. లెవెల్ తగ్గింది కదా అని చేతికందిన ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో ఒక మూతెడు పోసేస్తారు. బ్రేకుల్లోని రబ్బరు సీళ్ళు సాధారణంగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేస్తారు. గ్లైకాల్‌లో ఏళ్ళ తరబడి ఉన్నా దానికేం కాదు. పెట్రోలియం నూనె తగిలిందంటే మాత్రం నానబెట్టిన మినప్పప్పులా ఉబ్బిపోతుంది. ఉబ్బిన సీలు సిలిండర్లో ఇరుక్కుంటుంది, తొక్కిన బ్రేకు వదలదు, చివరికి పెడల్ తొక్కితే ద్రవాన్ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా రబ్బరు ఉన్న ప్రతి భాగమూ మార్చాల్సి వస్తుంది.

పొరపాటున పోసినట్టు వెంటనే తెలిస్తే పెడల్ ముట్టుకోకండి. తొక్కనంతసేపూ ఆ నూనె చాలావరకు రిజర్వాయర్‌లోనే, అంటే ఆయిల్ పోసే డబ్బాలోనే ఉంటుంది, అక్కడే పీల్చేసి శుభ్రం చేసే అవకాశం మిగులుతుంది. ఒకసారి తొక్కారా, కిందికి దిగినట్టే. సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు అందులో ఏం పోశారో అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష ఒకటి ఉంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, సిరంజితో రిజర్వాయర్ నుంచి నాలుగు చుక్కలు తీసి వేయండి. గ్లైకాల్ అయితే కలిపితే కరిగిపోతుంది. పైన నూనె పొర తేలిందంటే బండిని అక్కడే ఆపి మేస్త్రీని పిలవాలి.

నీళ్ళలో కలిసే ఈ గుణమే బ్రేక్ ఆయిల్‌ను ముసలిదాన్ని చేస్తుంది. రిజర్వాయర్ మూతకు గాలి ఆడే సందు ఉంటుంది. చక్రాల దగ్గరి రబ్బరు పైపుల గోడల గుండా కూడా తేమ నెమ్మదిగా లోపలికి చేరుతుంది. ఎక్కడా కారకపోయినా, బండి నెలల తరబడి ఇంటి ముందు కవరు కప్పుకుని నిలబడినా, ఆయిల్ నీటిని తాగుతూనే ఉంటుంది. అందుకే దీన్ని కిలోమీటర్లతో కన్నా కాలంతో కొలవాలి. "మా బండి ఏడాదికి మూడు వేలు కూడా తిరగదు, ఇప్పుడే ఎందుకు?" అనే ప్రశ్నకు ఇదే జవాబు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో గాలిలోనే అంత చెమ్మ ఉంటుంది కాబట్టి అక్కడి బండ్ల విషయంలో వాయిదా అసలు పనికిరాదు.

నీళ్ళు కలిస్తే ఏమవుతుంది? మరుగు స్థానం పడిపోతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. దానికి సుమారు 3.7 శాతం నీరు పడితే ఆ హామీ 140కి దిగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. సీసా మీద డ్రై, వెట్ అని రెండు అంకెలు కనిపించేది ఇందుకే. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం, ఆ అంకెలు వాళ్ళ ప్రమాణంలోవి. కొనేటప్పుడు అందరి కళ్ళూ పెద్ద అంకె మీద పడతాయి. నేను చూడమనేది రెండోది. రెండేళ్ళు వాడిన తర్వాత మీ బండిలో ఉండేది డ్రై ఆయిల్ కాదు కదా.

ఈ అంకెల బరువు ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది. తిరుమల నుంచి దిగే దారిని తీసుకోండి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. మనుషులతో, సామానుతో కలిపి 1,400 కిలోల బండి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగిందంటే వదిలించుకోవాల్సిన శక్తి 96 లక్షల జౌళ్ళు. గది వేడిలో ఉన్న 30 లీటర్ల నీళ్ళను సలసలా మరిగించడానికి సరిపోయే వేడి అది. ఇందులో కొంత గాలికి, టైర్లకు, ఇంజిన్‌కు పోతుంది. న్యూట్రల్‌లో వేసి దిగితే ఇంజిన్ వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది. ఆ వేడి డిస్క్ నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి పిస్టన్‌కు, పిస్టన్ వెనకే ఆనుకుని ఉన్న చెంచాడు ఆయిల్‌కు పాకుతుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆ చెంచాడు ఆయిల్ దగ్గరే చూడాలి. చిన్న కారులో పెడల్ పూర్తిగా తొక్కితే మాస్టర్ సిలిండర్ నెట్టగలిగేది అటూ ఇటుగా 10 మి.లీ. ద్రవం మాత్రమే. ద్రవం నలగదు కాబట్టే ఆ పది మి.లీ. నాలుగు చక్రాలనూ ఆపగలుగుతుంది. ఆవిరి అలా కాదు, నలుగుతుంది. ఒక్క చుక్క నీరు, అంటే మి.లీ.లో ఇరవయ్యో వంతు, ఆవిరైతే మామూలు పీడనంలో 80 మి.లీ. దాటి చోటు ఆక్రమిస్తుంది. పెడల్ ఎంత తొక్కినా అది ఆ ఆవిరిని నలపడానికే సరిపోదు, ఇక ప్యాడ్లను నొక్కేదెక్కడ? పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. ఇంకో సంగతి ఉంది. కాలు పెట్టి నొక్కుతున్నంతసేపూ లోపల పీడనం ఎక్కువగా ఉంటుంది, పీడనంలో ఏ ద్రవమైనా ఆలస్యంగా మరుగుతుంది. బుడగ పుట్టేది కాలు తీశాక. కొండ దిగి టీ కోసం ఆపిన బండిలో డిస్కుల వేడి తాపీగా కాలిపర్‌లోకి, అంటే పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలోకి దిగుతుంది. పది నిమిషాల తర్వాత బయల్దేరి మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ కిందికి జారిపోవడం వెనకున్న కారణం ఇది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవంలోకి కలిసిపోతుంది, బ్రేకులు మామూలైపోతాయి, షెడ్డులో చూస్తే ఏ లోపమూ దొరకదు.

ఏది కొనాలి

రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది. సీల్ తీయని డబ్బాలోది మాత్రమే వాడమని కూడా ఆ మూతే చెబుతుంది. డాట్ 3 అని ఉన్న పాత బండిలో డాట్ 4 నిశ్చింతగా పోయొచ్చు, నేనైతే అదే పోయమంటాను. రెండూ గ్లైకాల్ జాతివే, కలుస్తాయి. డాట్ 4 అని ఉన్నచోట డాట్ 3కి దిగకూడదు. డాట్ 5.1 కూడా గ్లైకాలే, మరుగు స్థానం ఎక్కువ, చలిలో పలచగా ఉంటుంది. ఊళ్ళో తిరిగే బండికి దాని అదనపు ధర పెట్టాల్సిన పని లేదు. తరచూ కొండలెక్కే బండికి, బరువుతో తిరిగే ఏడు సీట్ల బండికి పెట్టొచ్చు.

గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌తో పాటు, బండి పక్కకు జారకుండా చూసే ఈఎస్‌సీ కూడా ఉన్న కొత్త బండ్లలో కొన్నింటికి డాట్ 4 ఎల్‌వీ అని, లేదా ఐఎస్ఓ 4925 క్లాస్ 6 అని మాన్యువల్లో ఉంటుంది. ఎల్‌వీ అంటే చిక్కదనం తక్కువ. ఆ యంత్రం సెకనులో ఎన్నోసార్లు కవాటాలు తెరిచి మూస్తుంది, ద్రవం అంత చురుగ్గా పారాలి. అలా రాసి ఉంటే మామూలు డాట్ 4తో సరిపెట్టకండి.

డాట్ 5 మాత్రం ముట్టుకోవద్దు. డాట్ 5.1కు దగ్గరి పేరే గానీ అది సిలికోన్, సాధారణంగా ఊదా రంగులో ఉంటుంది. గ్లైకాల్‌తో కలవదు, చిన్న చిన్న గాలి బుడగలను పట్టి ఉంచుతుంది, ఏబీఎస్‌కు పనికిరాదు. దుకాణంలో "ఫైవ్" అని అడిగితే ఏది చేతిలో పెడతారో తెలియదు కాబట్టి లేబుల్ చదివి తీసుకోవాలి. రేసింగ్ ఆయిళ్ళు 300 డిగ్రీలు దాటినా మరగవంటారు, నిజమే, కానీ అవి తరచూ మార్చుకుంటూ పోయే వాళ్ళకోసం చేసినవి. రోజూ ఆఫీసుకు వెళ్ళే బండిలో రెండేళ్ళు ఉంచడానికి కాదు.

బ్రాండ్ గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. కంపెనీ సొంత డబ్బా అయినా, బాష్ అయినా, క్యాస్ట్రాల్ అయినా, టీవీఎస్ గిర్లింగ్ అయినా ఫరవాలేదు. పట్టింపు ఉన్నది మూడింటి మీద: మూత కింద రేకు సీలు చెక్కుచెదరకుండా ఉండాలి, తయారీ తేదీ పాతది కాకూడదు, పోసేది ఆ రోజే విప్పిన సీసాలోంచి రావాలి. షెడ్డు అలమరలో మూత వదులుగా పెట్టిన సగం సీసా ఎంత మంచి బ్రాండ్‌దైనా నాకు వద్దు.

ఎంత కొనాలంటే, చిన్న కారు బ్రేకుల్లో మొత్తం పట్టేది అర లీటరు నుంచి ముప్పావు లీటరు. పాతది పూర్తిగా బయటికి నెట్టాలంటే ఒక లీటరు చేతిలో ఉండాలి. అర లీటరు సీసాలు రెండు తీసుకోండి, మొదటిది అయ్యేదాకా రెండోదాని సీలు తీయొద్దు. 250 మి.లీ. సీసా ఒక్కటి తెచ్చి "ఆయిల్ మార్చేశాం" అంటే మారింది రిజర్వాయర్‌లోది మాత్రమే. వేడి తగిలేది, నీరు చేరేది కాలిపర్ల దగ్గర. అక్కడిది అలాగే ఉండిపోతుంది. సర్వీసు బిల్లులో ఎంత ఆయిల్ వేశారో చదవడం నేర్చుకుంటే పని జరిగిందో లేదో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

ఎప్పుడు మార్చాలి

మాన్యువల్లో ఉన్న గడువు మీద. చాలా కార్లకు రెండేళ్ళు, లేదా అందులో రాసిన కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఎలక్ట్రిక్ కార్లకూ గడువు ఉంటుంది. మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, తేమ మాత్రం అక్కడా చేరుతుంది.

రంగు చూసి నిర్ణయించొద్దు. కొత్తది లేత పసుపు, పాతది టీ డికాషన్. నల్లబడిందంటే మార్చాల్సిందే, కానీ తేటగా ఉన్నంత మాత్రాన నీరు లేదని కాదు, నీటికి రంగు లేదు. లైట్లు వెలిగే పెన్ను లాంటి తేమ పరీక్ష పరికరం చవకలో వస్తుంది. అది కొలిచేది కరెంటు ఎంత పారుతుందన్నది, దాన్నిబట్టి నీటిని అంచనా కడుతుంది. పైగా ముంచేది రిజర్వాయర్‌లో, అంటే మొత్తంలో కాస్త మేలుగా ఉండే చోట. ఎర్ర లైటు వెలిగితే నమ్మండి. పచ్చ లైటు వెలిగిందని గడువు పెంచకండి.

లెవెల్ తగ్గిందని పోస్తూ పోవడం ఇంకో అలవాటు. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, వాటి వెనక ఖాళీని నింపడానికి ఆయిల్ దిగుతుంది. మ్యాగ్జిమమ్ నుంచి మినిమమ్ వైపు నెలల మీద మెల్లగా జారడం ప్యాడ్లు చూసుకోమని చెప్పడమే. పైన పోస్తే ఆ మాట వినపడదు. తర్వాత కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ఆ ఎక్కువ ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది. వారాల్లోనే తగ్గిందంటే మాత్రం లీకేజీ. చక్రాల లోపలి వైపు తడి చూడండి, వెనక డ్రమ్ముల కింది అంచు చూడండి. ఎక్కడా కనపడకపోతే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి బూస్టర్‌లోకి, అంటే కాలి బలాన్ని పెంచి అందించే భాగంలోకి కారుతుండొచ్చు, అక్కడ చేరింది బయటికి కనిపించదు.

మార్చే పని

ముందు ఒక హద్దు. హైబ్రిడ్లు, బ్రేక్ పెడల్‌కు ఎలక్ట్రానిక్ బూస్టర్ ఉన్న బండ్లు ఇంట్లో చేయొద్దు. వాటిలో చాలావాటికి స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తీసుకెళ్ళాలి, లేకపోతే పంపు తనంతట తాను తిరిగి గాలి లాగేస్తుంది. మామూలు వాక్యూమ్ బూస్టర్ ఉన్న బండికి ఇద్దరు మనుషులు, గంటన్నర సమయం చాలు. మొదటిసారి అయితే తెలిసిన మేస్త్రీని పక్కన ఉంచుకుని చేయండి. బ్రేకుల పనిలో సందేహంతో రోడ్డెక్కే వీలు లేదు.

కావలసినవి: బ్లీడర్‌కు, అంటే ప్రతి చక్రం దగ్గరా ఆయిల్ బయటికి వదిలే చిన్న మరకు, సరిపోయే రింగ్ పానా (8 లేదా 10 మి.మీ. ఎక్కువ కార్లకు, కొన్నింటికి 7, 9, 11), లోపలి వెడల్పు 5 మి.మీ. ఉన్న పారదర్శకమైన పైపు అర మీటరు, ఖాళీ ప్లాస్టిక్ సీసా, పెద్ద సిరంజి, జాకీ, బండిని నిలబెట్టే స్టాండ్లు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, నూలు పోగులు రాలని గుడ్డలు, పక్కన ఒక బకెట్ నీళ్ళు. బకెట్ ఎందుకంటే ఈ ద్రవం పెయింటును తినేస్తుంది. పడిన వెంటనే గుడ్డతో రుద్దితే ఇంకా పాకుతుంది, నీళ్ళు కుమ్మరిస్తే కొట్టుకుపోతుంది. లోపల శత్రువైన నీరే బయట మందు. ఆ నీళ్ళు రిజర్వాయర్ వైపు చిందకుండా చూసుకోండి. వాన పడుతున్న రోజు ఈ పని పెట్టుకోకండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి తల పెట్టొద్దు, ఇటుకలు నమ్మొద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది.

బ్లీడర్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. మన రోడ్ల మీద రబ్బరు టోపీ ఊడిపోయిన బ్లీడర్లే ఎక్కువ, రంధ్రంలో మట్టి గట్టిపడి ఉంటుంది. సన్నని తీగతో మట్టి తీసి, బ్రష్‌తో చుట్టూ తుడిచాక రింగ్ పానా వేయాలి. తెరిచి ఉన్న పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. బిగుసుకుపోయిన దాన్ని ఒకే బలంతో లాగితే విరుగుతుంది. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, తర్వాత వదులు చేసే వైపు తిప్పాలి. అప్పటికీ రాకపోతే ఆపేయండి. డ్రమ్ము వైపు విరిగితే వీల్ సిలిండర్ మార్చాలి, దాని ఖరీదు తక్కువే. కాలిపర్‌లో విరిగితే ఖర్చు ఎక్కువ.

నాలుగూ కదిలాయని నిర్ధారించుకున్నాకే రిజర్వాయర్ ముట్టుకోండి. మూత చుట్టూ దుమ్ము తుడిచి, విప్పి, సిరంజితో పాత ఆయిల్ పీల్చేయండి. అడుగున ఉన్న రంధ్రాలు బయటపడేంత వద్దు. కొత్తది మ్యాగ్జిమమ్ గీత దాకా పోయండి. ఇలా ముందే మార్చడం వల్ల పాత డికాషన్ అంతా మళ్ళీ పైపుల గుండా పంపే పని తప్పుతుంది.

ఏ చక్రంతో మొదలుపెట్టాలి? మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న దానితో అన్నది పాత సూత్రం. ఇంటర్నెట్‌లో అమెరికా వీడియోలు వెనక కుడి చక్రం అంటాయి, వాళ్ళ స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి. మన స్టీరింగ్ కుడి వైపు, మాస్టర్ సిలిండర్ కూడా కుడి వైపే. కాబట్టి మనకు దూరమైనది వెనక ఎడమ. ఆ తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరగా ముందు కుడి. రెండు సర్క్యూట్లు ఐమూలగా ఉండే బండ్లకు, ఏబీఎస్ బండ్లకు తయారీదారు వేరే వరుస చెప్పి ఉంటే దాన్నే పాటించాలి.

పైపు ఒక కొస బ్లీడర్‌కు తొడిగి, రెండో కొస సీసాలో అడుగున పోసిన కొద్దిపాటి కొత్త ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. సీటులో ఉన్న మనిషి పెడల్‌ను నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. మీరు బ్లీడర్ పావు చుట్టు విప్పుతారు, ఆయిల్ పైపులోకి చిమ్ముతుంది, పెడల్ దిగుతుంది. పూర్తిగా ఆగకముందే బ్లీడర్ మూస్తారు. మూశానని చెప్పాకే సీటులోని మనిషి కాలు తీయాలి. ఈ క్రమం ఒక్కసారి తారుమారైనా గాలి లోపలికి వెళ్ళిపోతుంది. అందుకే మాటలు ముందే అనుకోవాలి: "తొక్కు", "పట్టుకో", "వదులు". సీటులోని మనిషి కూడా తొక్కి పట్టుకున్నాక "పట్టుకున్నా" అని బదులు చెప్పాలి.

పెడల్ కింద రెండంగుళాల చెక్క ముక్క పెట్టడం మర్చిపోవద్దు. రోజువారీ వాడకంలో మాస్టర్ సిలిండర్ పిస్టన్ సగం దూరమే తిరుగుతుంది. అవతలి సగంలో ఏళ్ళ తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఆయిల్ మార్చే హడావుడిలో పెడల్‌ను నేల దాకా తొక్కితే సీలు అంచు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది. బాగున్న బండి ఆయిల్ మార్చాక చెడిందనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇక్కడుంది.

పైపులో రంగు మారడం కళ్ళతోనే చూడొచ్చు. ముందు నల్లటిదో, గోధుమరంగుదో వస్తుంది, మధ్యలో చారలు చారలుగా రెండూ కలిసి, ఆపైన తేనెరంగులో తేటగా. తేటబడ్డాక ఇంకో నాలుగైదు తొక్కుళ్ళు తీసి ఆపండి. వెనక ఎడమ చక్రానికి 200 మి.లీ. దాకా పట్టొచ్చు, ఎందుకంటే పొడుగాటి పైపులోని పాతదంతా దాని వాటాకే వస్తుంది. మిగతా వాటికి 100 నుంచి 150 చాలు. ప్రతి ఐదారు తొక్కుళ్ళకు రిజర్వాయర్ చూసుకోవాలి. ఇది ఖాళీ అయి గాలి లాగిందంటే ఏబీఎస్ యూనిట్‌లోకి బుడగలు వెళ్తాయి, వాటిని తీయడానికి స్కానర్‌తో ఆ పంపు తిప్పించాల్సిందే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ జాగ్రత్త దాదాపు అందరికీ వర్తిస్తుంది. గాలి పోనంత వరకు మామూలు మార్పిడికి స్కానర్ అక్కర్లేదు.

క్లచ్ కూడా హైడ్రాలిక్ అయితే చాలా బండ్లలో ఇదే రిజర్వాయర్ నుంచి ఒక సన్న పైపు దానికీ వెళ్తుంది. దాన్నీ అదే పద్ధతిలో తీయండి, లేకపోతే అక్కడి మురికి అలాగే మిగిలిపోతుంది.

బ్లీడర్ బిగించడంలో బలం చూపొద్దు. చాలా కార్లకు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. 15 సెం.మీ. పానా చివర ఏడు కిలోల సంచీ వేలాడదీసినంత, అంతే. నాలుగూ బిగించాక ఇంజిన్ ఆపి ఉంచే పెడల్‌ను గట్టిగా తొక్కి అర నిమిషం పట్టుకోమనండి, మీరు చుట్టూ తిరిగి ప్రతి బ్లీడర్ దగ్గరా తడి చూడండి. టోపీలు పెట్టండి, ఒలికిన చోట నీళ్ళతో కడగండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగుతుంది, అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించి, బండిని ముందు ఇంటి ముందే నడక వేగంలో ఆపి చూసి, తర్వాత ఖాళీ రోడ్డు మీద 20, 30 వేగాల్లో చూసి, ఆపైనే ట్రాఫిక్‌లోకి.

తేడా వస్తే

పెడల్ మొదటి తొక్కుకు కిందికి దిగి, రెండు మూడుసార్లు తొక్కితే పైకొస్తోందా? రెండు కారణాలుంటాయి. పైకొచ్చాక కూడా కాలి కింద మెత్తగా తగిలితే గాలి. మళ్ళీ నాలుగు చక్రాలూ తీయండి, కాలిపర్‌ను చెక్కతో మెల్లగా తట్టండి, గోడకు అంటుకున్న బుడగలు కదులుతాయి. పైకొచ్చాక రాయిలా గట్టిగా ఉంటే గాలి కాదు, వెనక డ్రమ్ము షూలు వదులుగా ఉన్నాయి, సర్దాలి. ఈ రెండింటి తేడా తెలియక లీటర్ల కొద్దీ ఆయిల్ పారబోసేవాళ్ళున్నారు.

ఎంత తీసినా గాలి పోకపోతే కాలిపర్ మీద బ్లీడర్ ఎక్కడుందో చూడండి. అది పైభాగాన ఉండాలి. కాలిపర్లు విప్పి బిగించినప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మారితే బ్లీడర్ కిందికి వస్తుంది, గాలి పైన ఇరుక్కుని ఉంటుంది, సాయంత్రం దాకా తొక్కినా రాదు.

కాలు స్థిరంగా పెట్టి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా దిగిపోతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయింది. ఆ బండి కదలకూడదు. వాక్యూమ్ పంపుతో ఒంటరిగా చేసేవాళ్ళకు పైపులో సన్న బుడగలు ఆగకుండా వస్తుంటాయి. అవి చాలావరకు బ్లీడర్ మరల సందుల్లోంచి బయటి గాలి, బ్రేకులోది కాదు. చివరి నాలుగు తొక్కుళ్ళు మనిషితో చేయించి చూస్తే తేలిపోతుంది.

డ్రమ్ము విప్పిన పనిలో పనిగా భాగాలను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగడం చాలా చోట్ల చూస్తాం. మొదట చెప్పిన మినప్పప్పు కథే మళ్ళీ. సిలిండర్లు, సీళ్ళు కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో, బ్రేక్ క్లీనర్‌తోనో కడగాలి. ప్యాడ్ల మీద, షూల మీద ఆయిల్ పడితే తుడిచి వాడొద్దు, ఆ పదార్థం పీల్చేసుకుంటుంది. జతగా మార్చాలి.

తీసిన పాత ఆయిల్ ఎంత తేటగా కనిపించినా తిరిగి వాడకూడదు. మంచినీళ్ళ సీసాలోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో నింపి వదిలేయకండి. టీ రంగులో ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటారు, మింగితే విషం. పైపు వాడిన సీసా మీద మార్కర్‌తో పెద్దగా రాసి, మూత బిగించి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే షెడ్డుకు విడిగా ఇచ్చేయండి, ఇంజిన్ ఆయిల్‌లో కలపొద్దు. కాలువలో, చెట్టు మొదట్లో పోయొద్దు. బ్లీచింగ్ పౌడర్ ఉన్న గదిలో అసలు పెట్టొద్దు. ఈ రెండూ కలిస్తే కాసేపు ఏమీ కానట్టే ఉండి, ఉన్నట్టుండి మంట లేస్తుంది. సీసాలో మిగిలిన కొత్త ఆయిల్‌కు మూత బిగించి తేదీ రాసి పెడితే కొన్ని వారాల లోపు లెవెల్ సర్దడానికి పనికొస్తుంది. రెండేళ్ళ తర్వాతి మార్పిడికి మళ్ళీ కొత్త సీసానే విప్పాలి.